గోరు దాటినవాళ్లు

వెలస్కీత పిన్ని చనిపోయి ఈ పునీత మార్టిన్ పండగకు పదకొండేళ్లు. ఆవిడ గురించి చెప్పమని నన్నెవరూ అడగరు. అడిగితే మొదటినుంచీ చెబుతానని, చెబితే తమ ఇళ్ల పేర్లు కూడా బయటికి వస్తాయని మా ఊరివాళ్ల భయం. నా పేరు జుస్తా. ఒతేరోలో ఉమ్మడి రొట్టెల పొయ్యి చూసుకునేది నేనే. పొయ్యి ఊరిది, బూడిద మాత్రం నాది.

ఒతేరోలో నలభై గడపలు. ఏటికి ఇవతల మేం లియోన్ రాజు మనుషులం. అవతలివాళ్లు కాస్తీల్ రాజు మనుషులు. మధ్యలో ఏరు మోకాలి లోతు కూడా ఉండదు. రాజులకు కోపం వచ్చినప్పుడల్లా ఆ ఏరు దాటి ఎవరో ఒకరు మా గడ్డివాములు తగలబెట్టేవాళ్లు, లేదా మావాళ్లు వెళ్లి వాళ్లవి తగలబెట్టేవాళ్లు.

పిన్ని పొట్టి మనిషి, చేతులు మాత్రం బలంగా ఉండేవి. కుడి చేతి చొక్కా ఎప్పుడూ పైకి మడిచే ఉండేది, ఎందుకంటే ఆవిడ పని ఆ చేతిమీదే. ఊళ్లో ఏ పెళ్లి అయినా ముందు చర్చి గుమ్మం దగ్గర ఆవిడ వచ్చి నిలబడాలి. పిల్లవాడికీ పిల్లకీ మధ్య చుట్టరికం ఎంత దూరమో చేతిమీద లెక్క వేసి చెప్పాలి. తల అంటే మూలపురుషుడు. భుజం అంటే ఆయన పిల్లలు. మోచెయ్యి ఆ పిల్లల పిల్లలు. మణికట్టు ఆ తర్వాతి తరం. అక్కణ్నుంచి నడిమి వేలికి మూడు కణుపులు, మూడు తరాలు. ఆఖరిది గోరు. గోరు దాటితేనే పరాయివాళ్లు, అప్పుడే పెళ్లి. గోరుకు ఇవతల ఎక్కడ కలిసినా అది పాపం, ఆ పెళ్లి పెళ్లి కాదు, పుట్టిన పిల్లలు పిల్లలు కారు. రోమ్‌లో కూర్చున్నవాళ్లు పెట్టిన లెక్క అది.

నలభై గడపల ఊళ్లో నిజంగా గోరుదాకా లెక్క వేస్తే కోడిపుంజుకు కూడా పెళ్లి కాదు. మరి మా ఊళ్లో పెళ్లిళ్లు ఎలా అయ్యాయి? పిన్ని మరిచిపోయేది కాబట్టి అయ్యాయి.

ఆ మరుపు చూడాలి మీరు! తల దగ్గర గట్టిగా మొదలుపెట్టేది. భుజం, మోచెయ్యి, పేరుపేరునా చెప్పేది. సరిగ్గా రెండు ఇళ్లూ కలవబోయే చోటికి వచ్చేసరికి చెవి గోక్కునేది. "తర్వాత ఆవిడ పేరేంటబ్బా... ఏటవతలి పిల్ల కదూ? ఏమోనమ్మా, పెద్దదాన్నైపోయా" అనేది. మా చర్చి గురువుగారు దోన్ మునియో దగ్గేవారు. ఊరంతా నేలచూపులు చూసేది. పిన్ని వేలు గాలిలో ఒక చుట్టు తిరిగి వచ్చి గోరుమీద వాలేది. "దాటారు. లోపలికి రండి." అంతే, పెళ్లి. ఆవిడకు ఏ పేరూ మరుపు లేదని అందరికీ తెలుసు. ముత్తవ్వల పుట్టుమచ్చలతో సహా గుర్తుండేవి. ఆ మహాతల్లి మరుపుమీదే మా ఊరు నిలబడింది.

తన కూతురు ఎయిలో పెళ్లికి కూడా ఆవిడే లెక్క వేసింది. అల్లుడు ఫ్రుయెలా ఎత్తుగా, అందంగా ఉండేవాడు, మాట తియ్యన. ఆ రోజు పిన్ని చెవి గోక్కోలేదు, తడబడలేదు, చకచకా గోరుదాకా వెళ్లిపోయింది. సాయంత్రం నా పొయ్యి దగ్గర రెండు చెంబుల ద్రాక్షసారా తాగి, నా భుజంమీద చెయ్యి వేసింది.

"ఒసేయ్ జుస్తా, మా అమ్మమ్మకి ఒక చెల్లెలుండేదే. దోపిడీ ఏడాది ఏటవతలికి ఎత్తుకుపోయారు. అక్కడే పెరిగింది, అక్కడే పెళ్లాడింది. దాని కూతురి కూతురే మా అల్లుడి తల్లి. వేలి మొదటి కణుపు దగ్గర కలుస్తారు ఇద్దరూ. ఎవరికీ తెలీదు. దానికి వాడంటే ప్రాణం, నన్నేం చెయ్యమంటావ్?"

"ఏం చెయ్యకు పిన్నీ, మరిచిపో" అన్నాను. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. 

తర్వాత మా రాజు రెండో పెళ్లి చేసుకున్నాడు. కాస్తీల్ రాజు కూతుర్ని. ఏటికి రెండువైపులా జనం సంతోషించారు. అల్లుడి గడ్డివాము మామ తగలబెట్టడు కదా. నిజంగానే ఏరు చల్లబడింది. రెండేళ్లు పందులు కొవ్వెక్కాయి, కొత్త ధాన్యపు కొట్లు కట్టుకున్నాం. ఆ రాణిని మేం చూసింది లేదు, అయినా ఆవిడ పేరున కొవ్వొత్తి వెలిగించేవాళ్లం. అప్పుడు రోమ్ నుంచి కబురు వచ్చింది. ఇద్దరూ దగ్గరి చుట్టాలు, విడిపోవాలి, విడిపోయేదాకా ఈ రాజ్యంలో చర్చిలన్నీ మూత అని.

గుమ్మానికి అడ్డంగా ముళ్లకంప వేశారు. గంట తాడు పైకి లాగి కట్టేశారు. పుట్టిన బిడ్డకు నీళ్లు చల్లుతారు, చచ్చేవాడి పాపం వింటారు, అంతకుమించి ఏమీ లేదు. పూజ లేదు. పెళ్లి లేదు. పవిత్ర భూమిలో పాతిపెట్టడం లేదు. చనిపోయినవాళ్లను పెట్టెల్లో పెట్టి ఊరి బయట చెట్ల తోపులో ఉంచాం, కుక్కలు రాకుండా పైన రాళ్లు పేర్చాం. రాజు ఇవాళ కాకపోతే రేపు లొంగుతాడు, అప్పుడు తెచ్చుకుందామని. ఆ తోపులోకి వెళ్లిన రెండో పెట్టె మా అమ్మది. మరుసటి చలికాలంలో పిన్ని భర్త నూనో బాబాయి వెళ్లాడు. గాలి అటునుంచి వీచినరోజు ఆడవాళ్లెవరూ పొయ్యి దగ్గర మాట్లాడుకునేవాళ్లు కాదు.

బాబాయిని అక్కడ వదిలి వచ్చిన వారానికి పిన్ని పిండిముద్దలు పట్టుకుని వచ్చింది. వాటిని బల్లమీద కొట్టినట్టు పడేసింది.

"మనం చేసిన పాపమా ఇది?" అంది. "రండే, అందరూ రండి. చేతులు మడవండి. రాజుగారి పెళ్లి నేను లెక్క వేస్తా."

పన్నెండుమంది ఆడవాళ్లం పిండి చేతులతో చుట్టూ చేరాం.

"రాజు తాతని తలమీద పెట్టండి. ఆయనకి ఇద్దరు కొడుకులు. పెద్దోడికి కాస్తీల్, చిన్నోడికి లియోన్ పంచాడు. ఇద్దరూ భుజం. చిన్నోడి కొడుకు మన రాజు, మోచెయ్యి. పెద్దోడి కొడుకు కాస్తీల్ రాజు, ఆయనా మోచెయ్యే. ఆయన కూతురు మన రాణి. మణికట్టు! పెదనాన్న మనవరాలమ్మా. వరసకి కూతురు."

"మరి మొదటి రాణో?" అంది ఒకతె.

"పోర్చుగల్ పిల్లా? సొంత మేనమామ కూతురు. మోచెయ్యి కూడా దాటలా. ఆ పెళ్లీ పోపుగారే విడగొట్టించారు. బుద్ధొచ్చిందా? మోచేతి నించి మణికట్టుదాకా వచ్చింది."

"ఇంకో నాలుగు పెళ్లిళ్లు చేసుకుంటే గోరుదాకా వస్తాడులే పిన్నీ" అన్నాను నేను. తోపులో పెట్టెలు పెట్టుకున్న ఆడవాళ్లం, పడీపడీ నవ్వాం.

ఆ చలికాలమంతా అదే ఆట. పిన్ని ముందు రాజులను చెప్పింది, తర్వాత లెక్క ఎలా వేయాలో చెప్పింది. పేర్లు ఎలా గుర్తుపెట్టుకోవాలి, తల్లివైపు ఎలా ఎక్కాలి, తండ్రివైపు ఎలా దిగాలి. కోపంతో నేర్పింది, కాబట్టి బాగా నేర్పింది. ఒకరోజు దోన్ మునియో గారు పొయ్యి దగ్గరికి వచ్చి, చేతులు వెచ్చబెట్టుకుంటూ కాసేపు విన్నారు.

"వెలస్కీతా, లెక్క నేర్పుతున్నావ్, బాగానే ఉంది. మరుపు కూడా నేర్పుతున్నావా?"

"అది నేర్పితే వచ్చేది కాదు గురువుగారూ" అంది పిన్ని.

"అందుకే నా భయం" అన్నారాయన. రొట్టె ఇస్తే తీసుకోకుండా వెళ్లిపోయారు.

ముందు పిల్లకాయల తగవుల్లాగా మొదలైంది. ఇద్దరు ఆడవాళ్లు బావి దగ్గర కొట్టుకుని, "నీ మొగుడు నీకు రెండో కణుపే, తెలుసుకో!" అంటే "నీదైతే మొదటిది!" అనుకున్నారు. తర్వాత ఖాయమైన సంబంధం ఒకటి తప్పిపోయింది. తర్వాత ఎవరి చెయ్యి వాళ్లు చూసుకోవడం మొదలుపెట్టారు. ఎండ కాస్తున్నా చొక్కా చేతులు కిందికి దించుకుని తిరిగేవాళ్లు. నేనూ ఒక ఉదయం ఎవరూ లేనప్పుడు బల్లమీది పిండిలో వేలితో గీతలు గీసి, నాకూ మా ఆయనకూ లెక్క వేశాను. వేలు మణికట్టు దగ్గర ఆగిపోయింది.  అరచేత్తో పిండంతా చెరిపేసి రొట్టె చేసేశాను. మా పెళ్లినాడు పిన్ని చెవి చాలాసేపు గోక్కుందని అప్పుడు గుర్తొచ్చింది.

చలి తగ్గేవేళ ఫ్రుయెలా నా పొయ్యి దగ్గరికి వచ్చాడు. మగవాళ్లు అక్కడికి రారు. గుమ్మానికి ఆనుకుని నవ్వాడు.

"జుస్తక్కా, ఒక్క మాట. రాజుగారు రాణీని పంపించేస్తే ఆ తప్పు రాజుదా, లెక్కదా?"

"లెక్కదేలే" అన్నాను పరాకుగా.

"అంతే కదా. మగాడిది తప్పేం లేదన్నమాట."

వాడు వెళ్లాక గానీ ఆ మాట ఎందుకడిగాడో నాకు తట్టలేదు. ఎయిలోకి ఇద్దరూ ఆడపిల్లలే. పై ఊళ్లో ద్రాక్షతోట ఉన్న వితంతువు ఇంటికి వాడు పని ఉందంటూ వెళుతున్నాడని అప్పటికే అనుకుంటున్నారు. ఆ మాట పిన్నికి చెప్పాను. ఆవిడ పిండి కలపడం ఆపలేదు.

"వాడికెలా తెలుస్తుందే? తెలిసింది మనిద్దరికే."

"ఉన్నది ఉన్నట్టు తెలియక్కర్లేదు పిన్నీ, అనుమానం చాలు. ఊరందరికీ లెక్క నేర్పావ్ కదా."

పిన్ని చేతులు అప్పుడు ఆగాయి. ఆవిడ భయపడటం నేను చూసింది అదే మొదలు.

ఈస్టర్ తర్వాత రాజు లొంగాడు. రాణి పిల్లలను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయిందట. ముళ్లకంప తీసేశారు. గంట మోగింది. అంతకాలం తర్వాత ఆ మోత వినేసరికి వీధిలో మోకాళ్లమీద పడి ఏడ్చాం, నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే ఏటివైపు చూశాం. అవతల గట్టుమీద ఎప్పుడూ ఉండే గొర్రెలు లేవు. కాస్తీల్‌వాళ్లు మందలను లోపలికి తోలుకుపోయారు. అదెందుకు చేస్తారో మాకు తెలుసు.

గంటతోపాటే బిషప్‌గారు పంపిన విచారణ గురువు కూడా వచ్చాడు. సన్నని మనిషి, గొంతు పెంచడు. తోపులో పెట్టెలు తెచ్చుకునే ముందు ఊరి పెళ్లిళ్లు శుభ్రం కావాలన్నాడు. అర్జీ ఒక్కటే వచ్చింది. ఫ్రుయెలాది. నా భార్య నాకు గోరుకు ఇవతలి చుట్టమని అనుమానం, నా ఆత్మకు భయంగా ఉంది, విడదీయండి అని.

చర్చి వసారాలో ఊరంతా నిలబడ్డాం. శ్మశానంలో అప్పటికే గోతులు తవ్వుతున్నారు, పార చప్పుడు వినిపిస్తోంది. ఎయిలో చంటిదాన్ని చంకనెత్తుకుంది. నాలుగేళ్ల సోల్ తల్లి పావడా పట్టుకుని తండ్రివైపు చెయ్యి ఊపుతోంది. వాడు ఇటు చూడలేదు.

పిన్ని సువార్త గ్రంథంమీద చెయ్యి పెట్టింది.

"నీ కూతురికీ ఇతనికీ చుట్టరికం ఉందా?"

"జ్ఞాపకం లేదు స్వామీ."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. విచారణ గురువు నవ్వలేదు. "ఊరందరి ముత్తాతలనూ నలభై ఏళ్లుగా లెక్కపెట్టిన మనిషివట నువ్వు."

"పెద్దదాన్నైపోయా. నూనో పోయాక ఏదీ గుర్తుండట్లా."

అప్పుడు ఫ్రుయెలా, అదే తియ్యని గొంతుతో, "జుస్తాని అడగండి. మా పెళ్లినాడు మా అత్త ఆవిడ దగ్గరే తాగింది" అన్నాడు.

నన్ను ముందుకు పిలిచారు. గ్రంథం అట్ట చల్లగా ఉంది. విచారణ గురువు నన్ను తోపులో ఎవరున్నారని అడిగాడు. మా అమ్మ అన్నాను. ఎన్నాళ్లుగా? రెండు చలికాలాలు దాటాయన్నాను. ఆయన తల ఊపాడు.

"ఈ గ్రంథంమీద చెయ్యి పెట్టి నిజం దాచినవాళ్ల ఇంటి శవాలు ఈ ప్రహరీ లోపలికి రావు. ఆలోచించుకుని చెప్పు."

నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే నాకు ఇప్పుడు కాస్త తక్కువ సిగ్గుగా ఉండేది. ఆ రాళ్లకింద మా అమ్మ కనిపించింది, పార చప్పుడు వినిపించింది. నా ఎడమ చేతి చొక్కా పైకి లాగి, వేలి మొదటి కణుపు చూపించాను. అమ్మమ్మ చెల్లెలు, దోపిడీ ఏడాది, ఏటవతలి ఊరు, అన్నీ చెప్పాను. పిన్ని నేర్పినట్టే, ఒక్క పేరు తప్పకుండా చెప్పాను.

ఎయిలో కూలబడబోతే ఇద్దరు ఆడవాళ్లు పట్టుకున్నారు.

పెళ్లి చెల్లదన్నాడు. ఇద్దరు పిల్లలకూ తండ్రి పేరు లేదన్నాడు. తర్వాత పిన్నివైపు తిరిగాడు. ఈసారి ఆయన గొంతు ఇంకా మెత్తగా ఉంది.

"అబద్ధం ఆడావు. అయినా నీకో దారి ఇస్తాను. నువ్వు ఇలా మరిచిపోయిన పెళ్లిళ్లు ఈ ఊళ్లో ఇంకేమున్నాయో చెప్పు. ఒక్కటి చెప్పినా చాలు, నీ భర్తను ఇవాళే లోపలికి తెచ్చుకోవచ్చు."

వసారాలో ఒక్కరూ కదలలేదు. ముప్పైమంది ఆడవాళ్లు చేతులు కట్టుకుని, మణికట్లు చంకల్లో దాచుకుని నిలబడ్డారు. పిన్ని ఒక్కొక్కరినీ చూసింది. అందరినీ దాటి నా దగ్గర ఆగింది. ఎడమచేతి చూపుడువేలు తన కుడి చేతి మణికట్టుమీద పెట్టింది. సరిగ్గా మణికట్టుమీద. నన్నే చూస్తోంది. మా ఆయన నా పక్కనే ఉన్నాడు, వెనక నా ముగ్గురు పిల్లలున్నారు. ఎయిలో కంటే నాదే దగ్గరి పాపం.  చెప్పేస్తుందనుకున్నాను. చెప్పినా న్యాయమే అనుకున్నాను.

పిన్ని వేలు తీసేసింది. ఎప్పుడూ పైకే ఉండే కుడి చొక్కా చెయ్యి కిందికి దించి, గుండీ పెట్టుకుంది.

"లేవు స్వామీ. మా ఊళ్లో అందరూ గోరు దాటినవాళ్లే."

ఆ సాయంత్రం గంట మోగుతుండగా మా అమ్మను మట్టిలో పెట్టాం. నూనో బాబాయి తోపులోనే ఉండిపోయాడు. ఫ్రుయెలా ద్రాక్ష కోతలకు ముందే వితంతువును చేసుకుని పై ఊరికి వెళ్లిపోయాడు. ఆ పెళ్లికి చెయ్యి లెక్క ఎవరు వేశారో నేను అడగలేదు. వేసవిలో ఏరు దాటి మంటలు వచ్చాయి, మా కొత్త కొట్లన్నీ పోయాయి. విడిపోయిన రాజు పిల్లలు మాత్రం సక్రమ సంతానమేనని తర్వాత ముద్ర వేసిన కాగితం వచ్చిందట. ఎయిలో పిల్లలకు ఏ కాగితమూ రాలేదు.

పిన్ని తర్వాత మూడేళ్లు బతికింది. ప్రతి శనివారం పిండి తెచ్చేది, నేను కాల్చి ఇచ్చేదాన్ని. ఒక్క మాట మాట్లాడేది కాదు. ఒక్కసారే, రొట్టె అందుకుంటూ, "మీ అమ్మ బాగుందా?" అంది. తలూపాను. "అదే కావాల్సింది" అని వెళ్లిపోయింది. దెప్పిందో, నిజంగా అందో నాకు ఈనాటికీ తెలియదు. ఆవిడనూ తోపులోనే, బాబాయి పక్కన పెట్టారు.

పోయిన నెల సోల్ పెళ్లి అయింది. తండ్రి పేరు లేని పిల్లను చేసుకుంటానని ఇన్నేళ్లకు ఒకడు వచ్చాడు, గొర్రెలకాపరి, ఈ ఊరివాడే. దోన్ మునియో గారు లేరు. కొత్త గురువు కుర్రవాడు, ప్రతి మాటా పుస్తకంలో రాసుకుంటాడు. లెక్క ఎవరు వేస్తారని అడిగితే ఊరంతా నేలచూపులు చూసింది. పిన్ని పోయినప్పటినుంచీ ఆ గుమ్మం దగ్గర నిలబడే ధైర్యం ఎవరికీ లేదు, పెళ్లిళ్లన్నీ వేరే ఊళ్లలో చేసుకుంటున్నారు. నేనే వెళ్లి నిలబడ్డాను. పద్నాలుగేళ్లుగా నాతో మాట్లాడని ఎయిలో, గుమ్మానికి అవతలివైపు నిలబడి నా చేతినే చూస్తోంది.

చొక్కా మడిచాను. తల, భుజం, పేరుపేరునా చెప్పాను. కుర్రవాడి కలం గరగరమంటూ వెంటే వస్తోంది. మోచెయ్యి చెప్పాను. మణికట్టు చెప్పాను. మొదటి కణుపు దగ్గరికి వచ్చేసరికి రెండు ఇళ్లనూ కలిపే ఆ పేరు నాకు స్పష్టంగా గుర్తొచ్చింది. ఆవిడ ముఖం కూడా గుర్తొచ్చింది. కలం ఆగి ఎదురుచూస్తోంది.

చెవి గోక్కున్నాను.

"తర్వాత ఆవిడ పేరేంటబ్బా..." అన్నాను.